కార్జం తూకం

మా కొట్లో పాత తూకంరాళ్ళని తిరగేస్తే
అడుగున గుంటలో బూడిదరంగు బిళ్ళ ఉంటుంది,
దాని మీద తూనికల ఇన్‌స్పెక్టరు కొట్టిన ముద్ర.
కరెంటు కాటా వచ్చినా నాన్న వాటిని పారెయ్యలేదు.
చిన్నప్పుడు అడిగాను, ఇదేంటని.
"సీసం. రాయి అబద్ధమాడకుండా."

తాత వలక్కూడా సీసమే.
ఇసుకలో గుంటలు చేసి కరిగించి పోసేవాడు,
చల్లారిన గుళ్ళని పళ్ళతో నొక్కి
వల అంచుకి బిగించేవాడు.
వశిష్ఠలో విసిరితే గుండ్రంగా విచ్చుకుని
బుడుంగున దిగిపోయేది.
మునగడమే దాని పని, అనేవాడు.
ఆఖర్లో ఆయన చేతులు ఎందుకు వణికేవో
ఎవరూ అడగలేదు.

నర్సాపురం కాలవగట్టు మీద మా చికెన్ కొట్టు.
ఆదివారం తెల్లారకుండానే కోళ్ళ ట్రేలు దిగుతాయి.
బోన్‌లెస్ మేడలకి,
మెడలూ కాళ్ళూ రొయ్యల షావుకారు కుక్కలకి.
కార్జం, కందనకాయ
వేరే జనానివి, వేరే ధర.
వాళ్ళు పదిన్నర దాటాక వస్తారు.
కొంగు ముడిలో నోట్లు మెత్తబడి ఉంటాయి.

బేబీసరోజకి ఐదో నెల.
రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని.
రక్తం ఏడే ఉందని నర్సమ్మ చెప్పిందట.
"కార్జం తింటే పడుద్దంటండీ. ఆయ్, పావుకేజీ కట్టండి."
కాటా మీద అంకె నిలిచాక
నాన్న ఇంకో ముక్క పైన వేస్తాడు.
ఎవరికీ అలా వెయ్యడు.

ఆ కార్జాలే కొన్ని ఐసు డబ్బాలో పెట్టుకుని
ఎమ్మెస్సీ ప్రాజెక్టుకని బస్సెక్కాను.
ఆరబెట్టి, బూడిద చేసి, యాసిడ్‌లో కరిగించి
యంత్రం మంటకి తాగించాను.
మంట ఏమీ అనలేదు.
కాయితం మీద మాత్రం ఓ గీత లేచింది,
ఉండకూడనంత ఎత్తుకి.
మళ్ళీ చేశాను. నీళ్ళు మార్చాను, గాజుసామాను మార్చాను,
నా చేతుల్నే అనుమానించాను.
సీసం. కాస్త కాడ్మియం.

మేతలో ఎండుచేపల పొడా,
షెడ్డు పక్క బోరా,
పాత బ్యాటరీలు కాల్చే దిబ్బ మీంచి గాలా,
మేడం తేల్చి చెప్పలేదు.
"ఒక్క కొట్టు, తొమ్మిది కార్జాలు. ఇదే ఊరనుకోకు."
అనుకోను.
కానీ తొమ్మిదోదాన్లో మిగిలిన సగం
ఎవరు పట్టుకెళ్ళారో నాకు తెలుసు.

నాన్న కత్తి కడుగుతూ విన్నాడు.
"కోడేం చేసింది, పెట్టింది తింది."
కాసేపాగి, "ఎంతుందంటావు?"
కేజీకి ఒకటిన్నర మిల్లీగ్రాములు, అన్నాను.
కాటా వైపు చూశాడు.
"నా కాటాకి అది దొరకదే."

మరుసటి ఆదివారం ఆమె వచ్చింది.
కార్జం అయిపోయిందన్నాడు నాన్న,
ట్రే మీద తడి గోనె కప్పి.
లెగ్గులు తూచి కార్జం ధరే చెప్పాడు.
ఆమె గోనె వైపు చూసింది, నా వైపు చూసింది.
"ధర్మానికి వద్దండీ," అని ఎదురుకొట్టుకి నడిచింది.

వెనకాలే పరిగెత్తాను.
నా దగ్గరున్న మాటలన్నీ ల్యాబ్ మాటలు.
"అందులో సీసం ఉందక్కా," అన్నాను.
"సీసానా? అది మా ఆయన రోజూ తెత్తాడు కదమ్మా!"
పగలబడి నవ్వింది.
మధ్యలో లోపల ఏదో కదిలినట్టుంది,
నవ్వాపి, కుడిచెయ్యి పొట్ట మీద వేసుకుంది.
ఎడమచేతిలో అప్పటికే
నల్ల కవరు, అడుగున కాస్త బరువుగా.