అరువు తలుపు

మా ఊళ్ళో చెట్లు లేవు.
గడ్డి, రాయి, గాలి. అంతే.
లెసోతో కొండల్లో ఇంత ఎత్తుకొచ్చి
వేళ్ళూనడానికి ఏ గింజకీ మనసు రాలేదు.
అందుకే ఇరవై మూడు ఇళ్ళలో
చెక్క తలుపు నా ఒక్కదానికే.
మిగతావన్నీ రేకులు,
గాలొస్తే రాత్రంతా పళ్ళు కొరుకుతాయి.

మా ఆయన సెఖోబే గనిలో ఆఖరి కాంట్రాక్టు ముగించుకొచ్చిన ఏడు
లోయలో మూతపడ్డ కొట్టు దగ్గర కొన్నాడు దాన్ని.
రెండు గాడిదలకి అడ్డంగా కట్టి తెస్తుంటే
సగం దారిలో ఒకటి కూలబడిందట.
మిగతా సగం తనే గాడిదయ్యాడు.
ఆ మాట చెప్పి నవ్వీ నవ్వీ దగ్గేవాడు.
ఆ దగ్గు గనిది, నవ్వు ఆయనది.

రోడ్డు మా దాకా రాలేదు.
ఆసుపత్రికి ఏడు గంటల నడక, రెండు వాగులు.
ఎవరికి ప్రాణం మీదికొచ్చినా
ముందు నా ఇంటికే వస్తారు,
మేకులు పీకి తలుపు పడుకోబెట్టి
దాని మీద మనిషిని పడుకోబెట్టి
గొంగళ్ళు కప్పి తాళ్ళతో బిగిస్తారు.

సెఖోబే కూడా దాని మీదే వెళ్ళాడు.
తలుపు తిరిగొచ్చింది.

రెండో వాగు దాటకుండానే
దాని మీద ఒక పిల్ల పుట్టింది.
లెమాతి అని పేరు పెట్టారు, మా భాషలో తలుపు అని.
ఇప్పుడు నాలుగో తరగతి.
బడికి పోతూ పోతూ నా ఇంటి ముందాగి
చెక్క మీదొకసారి అరచెయ్యి ఆన్చి పోతుంది,
ఆవు మొహం నిమిరినట్టు.

నిన్నగాక మొన్న, జూలై మంచు మోకాటి లోతున పడ్డ రాత్రి
మోలెఫీ వచ్చి తట్టాడు.
తలుపు అడగాలన్నా ముందు తలుపే తట్టాలి కదా.
పైన పశువుల మకాములో కాపరి కుర్రాడు లెబేకో
గొర్రె వెనకాల జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు.
పదమూడేళ్ళు. అమ్మని కూడా పిలవడం లేదు,
గొర్రె దొరికిందా అని అడుగుతున్నాడు.

మోయడానికి నలుగురు కావాలి.
ఊళ్ళో మిగిలిన మగాళ్ళు ముగ్గురు.
నాలుగో మూల మాలింఫో పట్టింది,
గొంగళి పిన్నీసు పళ్ళ మధ్య బిగించి,
ఒక్క మాట లేకుండా.
లెమాతి లాంతరు పట్టుకుని ముందు నడిచింది.
వద్దన్నాం. విన్లేదు.

ఆ రాత్రి నా ఇంటికి ముఖం లేదు.
వాకిట్లో పాత గొంగళి వేలాడదీసి
పిడకల పొయ్యి రాజేసి కూచున్నాను.
రెండు మేకలు అడక్కుండానే లోపలికొచ్చాయి.
గాలి మాత్రం అడిగింది,
ఎవరింట్లోకి వచ్చాను అన్నట్టు
గోడ గోడకీ తిరిగింది.

ఎదురు కొండ కింద ఆనకట్ట దీపాలు వెలుగుతున్నాయి.
మా వాగుల నీళ్ళు సొరంగం పట్టి
పక్క దేశపు నగరానికి పోతాయంటారు.
నీళ్ళకి దారి వేశారు.
నీళ్ళకి కాలు విరగదు మరి.

మూడో రోజు మధ్యాహ్నం తలుపు తిరిగొచ్చింది.
ఖాళీగా రావడం దండగని
రెండు బస్తాల మొక్కజొన్న పిండి, కిరసనాయిలు డబ్బా,
ఎవరిదో పెళ్ళికి బకెట్టూ
దాని మీదే మోసుకొచ్చారు.
లెబేకోని విమానంలో పెద్దాసుపత్రికి పంపారట.
విమానం ఎక్కేటప్పుడు కూడా గొర్రె మాటే.

కబురు ఇంకా రాలేదు.
సిగ్నలు దొరికే బండ మీద
వంతులేసుకుని ఒకరు ఫోను ఎత్తి నిలబడుతున్నారు,
చలికి చెయ్యి మార్చుకుంటూ.

తలుపు బిగించాను.
వాగులో ఎక్కడో ఒక మేకు పోయింది.
ఇప్పుడది పూర్తిగా మూసుకోదు,
రెండు వేళ్ళ సందు మిగులుతుంది.
మోలెఫీ కొత్త మేకు తెస్తానన్నాడు.

తొందరేం లేదన్నాను.
ఈసారి పీకడం
కాస్త తేలిక.