పక్క కాల్వ

మందుల చీటీ వెనక డాక్టరమ్మ బొమ్మ గీసింది.
పొట్ట ఒక తిత్తి. పైకొసన అడ్డంగా గీత.
"మీకు మిగిలేది ఇంతే, మద్దిలేటమ్మా,
కోడిగుడ్డంత."
కింద తిత్తిని తీసి పారెయ్యరంట.
దాని రసం అది ఊరుకుంటా
లోపల్నే ఉంటాదంట,
బువ్వ మొగం మళ్ల చూడకుండా.

పేగును ఒకచోట తెంపి, కింది కొసను
పైకి తెచ్చి గుడ్డుకు కుడతారు.
పాత తిత్తి రసం పాత దావనే వచ్చి
మూరెడు మూరెడు దిగినాక యాడనో కలుస్తాది.
ఇంగ్లీషు అక్షరమేదో చెప్పింది.
నాకు మా నాయన కనపడినాడు.
సుంకన్న, కేసీ కాల్వ లస్కరు.
తూము తలుపు దించి, చేతులు పంచెకు తుడుచుకొని
"నీళ్లు యాడికీ పోవు పాపా, దావ మారతాది" అనేటోడు.
"తలుపు దించుతావు, అంతే గదమ్మా" అంటి.
డాక్టరమ్మ పెన్ను మూసి, అంతే అనింది.

నూట పద్దెనిమిది కిలోలు.
కర్నూలు పాత బస్టాండు కాడ
ఇరవై రెండేండ్ల ఉగ్గాని బండి.
అమ్ముడుపోని బజ్జీ పారెయ్యలేక
రోజూ రాత్రి ఆఖరి గిరాకీ నేనే అయిన.
మా జేజి కరువు పనిలో కంకర కొట్టి
గంజి గిన్నె నాకిన మనిషి.
ఆ నాలుకే నాకొచ్చిందేమో.

ఐదు చిల్లులు. అంతకు మించి మచ్చ లేదు.

ఇప్పుడు మందు సీసా మూతతో కొలత.
గుటక. ఆగు. గుటక.
తినేటప్పుడు నీళ్లొద్దు.
ఉగాది దినం ఓళిగ తుంపి నోట్లో ఏసుకుంటే
చెమట్లు, గుండె దడ,
గోడ పట్టుకొని కూలబడితి.
ఇనుము ఒంటికి పట్టేది పాత దావలోనంట,
అందుకే బతికినన్నాళ్లూ మాత్రలు.

ఆకలి మాత్రం వస్తలేదు.
కబురు మోసేటోడు కింద తిత్తిలోనే చిక్కుకున్నాడంట.
బజ్జీ నూనెలో పొంగుతాంటే
మిరపకాయ ఘాటు ముక్కుకు తగులుతాది,
కడుపు పలకదు.
చెయ్యి మాత్రం అలవాటున జల్లిగంటె కాడికి పోయి
ఉత్తదే తిరిగొస్తాది.

రాత్రి ఎడమ పక్కకు ఒత్తిగిల్లితే
లోపల చిన్న గుడగుడ.
ఎవరూ రాని బండి కాడ
పొయ్యి ముట్టించుకొని
అదింకా కాసుకోనుంది.