కొంచెం నీటుగా

"కౌంటర్ల కూసునేటోళ్లు కొంచెం నీటుగా రావాలె మేడం"
అన్నడు రామగిరిల పండ్ల డాక్టరు,
నా దిక్కు చూడకుండ
ఎవరిదో దవడ ఎక్స్‌రే దిక్కు చూస్కుంట.

మొదటి జీతం పదకొండు వేలు.
కిరాయి, గ్యాసు, చిట్టి, పిలగాని బస్సు పాసు పోంగ
నీటుకు మిగిలింది వెయ్యిన్ని మూడు నూర్లు.

ఐతారం పొద్దుమీకి సందుగ బోర్లించిన.
మంచం కనవడలే.
ఇన్ని చీరలు పెట్టుకొని
కట్టుకోనీకె ఏం లేదని ఇన్నేండ్లు
అబద్ధమే చెప్పిన్నా అనుకున్న.
మడత ఇప్పినకొద్ది సమజైంది.

గిది మిర్యాలగూడ ఆడిబిడ్డ ఇల్లు జొచ్చినప్పుడు పెట్టింది.
గిది ఒడిబియ్యంది, కొంగుకు పసుపు మరక ఇంకా పోలే.
గిది చిట్యాల పెద్దమ్మ పెట్టింది, ఆమెకు ఇంకెవరో పెట్టింది,
డబ్బ మీద ఒక పేరు కొట్టేసి నా పేరు రాసున్నది.
నెమలికంఠం చీరైతే
నాలుగిండ్లు తిరిగి మళ్ల నా దగ్గరికే వచ్చింది.
మొదలు పెట్టింది నేనే అని
అంచుల కాలిన చుక్కను చూసి గుర్తువట్టిన.

నలభై రెండేండ్ల ఒంటి మీద
నేను కోరిన రంగు ఒక్కటి లేదు.

ప్రకాశంబజార్ ఎనక సందుల కుతుబున్నీసా ఆపా
టేపు మెడకేసుకొని అన్నది,
"పాత జాకెట్ కొలతలు తేకు.
అది పెండ్లినాటి నువ్వు.
ఇయ్యాల్టి నిన్ను కొలుస్త, నిలవడు."
ఊపిరి బిగపట్టిన.
"ఇడువు" అన్నది.
ఇడిసిన.
రెండించులు ఎక్కువొచ్చింది. రాసుకున్నది, అంతే.

నాలుగిండ్లు తిరిగొచ్చిన చీర ఒక కుర్తా అయింది.
ఒడిబియ్యం చీర ఇంకొకటి.
మరకేం చేద్దాం అని నేను నసుగుతుంటె
ఆపా కత్తెర ఆపలేదు.
కొంగు ముక్కను జేబు లోపటికి మలిపి కుట్టింది.
నా బట్టలకు జేబుండుడు అదే మొదలు.
చెయ్యి పెడితే తల్లిగారింటి పసుపు.

ప్యాంట్లు చెల్లెవి, నడుముకు పిన్నీసు.
గడియారం కాడ చెప్పులకు కొత్త అడుగు, అరవై.
ఇస్త్రీ నేనే,
నీళ్లు చల్లి, పరుపు కింద పరిచి, మీద పండుకొని.

ఇగ ఒక్కటి కొత్తది కొనొచ్చు అని లెక్క తేలింది.
కొయ్యలగూడెం కట్‌పీసులు,
పోగు తప్పినయి, మీటరు నూట ఇరవై.
దుకాణం పిలగాడు అడిగిండు:
"ఏం రంగు ఆంటీ?"

నాకు తెల్వదు.
శుక్రవారం ఏది కట్టాల్నో తెలుసు,
శనివారం ఏది ముట్టొద్దో తెలుసు,
చావుకు ఏది, సీమంతానికి ఏది,
అత్త కంటికి ఏది ఆనదో గూడ తెలుసు.
ఏం రంగు అంటె మాత్రం
పేరు అడిగితే మర్సిపోయిన పోరి లెక్క
కాలి ఏలుతోని నేల గీకుకుంట నిలవడ్డ.
వాడు ఫోన్ చూసిండు. పెట్టిండు. మళ్ల చూసిండు.

రోడ్డవతల బండి మీద
బత్తాయిలు కుప్పవోసున్నయి.
"గది" అని చెయ్యి చూపిచ్చిన.
"ఆంటీ, అయి బత్తాయిలు."
"ఎరికే.
పండిన దిక్కు కాదు,
ఎండ తగలకుండ ఆకు దాసుకున్న దిక్కు. గది."

ఇరవై తాన్లు కిందికి దించిండు పాపం.
ఇరవై ఒకటోది.

సోమవారం డాక్టరు ఏమనలే.
కాంపౌండరు ఏమనలే.
జేబుల చెయ్యి పెట్టుకొని టోకెన్లు పిలుస్తున్న.
తిప్పర్తి నుంచొచ్చిన మూడేండ్ల పోరి
సూదికి బెదిరి ఏడ్సుకుంట ఉరికొచ్చి
కౌంటర్ కింద జొరబడి
నా కుర్తా కొస నోట్లె పెట్టుకున్నది.
ఏడుపు ఆపింది.
ఇంకోసారి నమిలి
పులుపేది అన్నట్టు
నా మొకం దిక్కు చూసింది.