పెన్సిలంత చెక్క

సిరొంచ అడవిలో, ఎండిన ఒర్రె పక్కన
టేకు ఛాతీకి బర్మా పెట్టి తిప్పింది
పుణె నుంచి వచ్చిన పిల్ల.
పెన్సిలంత చెక్క బయటికొచ్చింది
ఇంకా పచ్చి వాసనతో.

ఆమె భూతద్దం తీసేలోపే
వాచర్ తలండి జోగా
గోటితో చదివేశాడు:
"ఇగో, ఈ వెడల్పుది
ప్రాణహిత మా గుడిసె దాకా వచ్చిన ఏడు.
ఇది ఇప్పపువ్వుకు గంపలు చాలని ఏడు.
ఇక ఈడికెల్లి..."

గోరు ఆగింది.
గీతకీ గీతకీ నడుమ
అది పట్టే సందు లేదు.

"పెరగడం లేదా?" అన్నాను.
"వానొస్తే పెరుగుతది.
రాకుంటే ఊపిరి బిగబట్టుకుంటది.
ఎన్నేండ్లని బిగబడుతది సారూ?"

పోయేముందు
ఆ బొక్కలో ఇంత మైనం కూరి
అరచేత్తో అదిమి
కాసేపు అట్లాగే ఉండిపోయాడు,
జ్వరం చూస్తున్నట్టు.