ఊపిరి తెచ్చేదాకా

కిసుము పెద్దాసుపత్రి, ఏడో వార్డు.
ప్రొఫెసర్ అబుయా నా వేళ్ళు పట్టుకుని
జ్వరంతో కాలుతున్న ఓ జాలరి పొట్టమీద పెట్టింది.
"వెతక్కు. నొక్కకు. ఆగు.
ఊపిరి పీల్చమను.
ప్లీహం తనే దిగొచ్చి నీ వేలిని తాకుతుంది."
వచ్చింది,
నీళ్ళలో చేప మూతి తగిలినట్టు.
ఆ పూటే అనుకున్నా, ఇక్కడే ఉండిపోతానని.

పదకొండేళ్ళు ఉన్నాను.
ఎన్ని వేళ్ళు పట్టుకుని ఎన్ని పొట్టలమీద పెట్టానో
లెక్క రాసుకోలేదు. రాసినవి వేరే:
గ్రాంటు దరఖాస్తులు, రాత్రి రెండింటికి,
కూతురి నోటుపుస్తకం పక్కకి జరిపి.
జవాబులన్నీ మర్యాదగానే వచ్చేవి.
"ఈసారికి" అన్న మాట లేని ఉత్తరం ఒక్కటీ లేదు.

మార్చి జీతం జూలైలో వచ్చింది.
ఓ శనివారం కరెంటు పోయింది.
జనరేటర్‌లో డీజిల్ లేదు.
డీజిల్‌కి సంతకం పెట్టాల్సినాయన పెళ్ళికి వెళ్ళాడు.
సోమవారం ఫ్రీజర్ తలుపు తీస్తే
మూడేళ్ళ రక్తం,
నాలుగు వందల పన్నెండు మంది పిల్లలు
ఏడుస్తూనే చాపిన చేతులు,
గోరువెచ్చగా.
అబుయా ఏమీ అనలేదు.
గుడ్డ తెచ్చి, నాతోపాటు గచ్చుమీద కూర్చుని తుడిచింది.
అప్పుడు చూశాను ఆవిడ బూట్లు,
రెండోసారి అడుగు మార్పించినవి.
నిజం చెప్పాలంటే, నన్ను అక్కణ్ణించి లేపింది
కరిగిన రక్తం కాదు,
ఆ బూట్లు.

ఇప్పుడు నాది సరస్సు కనబడే గది.
ఏసీ. పేషెంటుకి పన్నెండు నిమిషాలు.
నన్ను ఇంటర్వ్యూ చేసినవాడు
ఒకప్పుడు నా దగ్గరే గుండె చప్పుడు వినడం నేర్చుకున్నాడు.
ఫీజు గడువుకి ముందే కడుతున్నాను.
దానికి సిగ్గుపడను, ఎవరూ పడమనకండి.

నిన్న ఒపోండో అని, తొమ్మిదేళ్ళ పిల్లాడు.
ఊపిరి పీల్చమన్నాను.
వచ్చి తాకింది.
అలవాటు చొప్పున పక్కకి తిరిగి
"ఇలా రా, చెయ్యి పెట్టు" అన్నాను.
పక్కన
చేతులు కడుక్కునే సింకు ఉంది.

తననే అన్నాననుకున్నాడు పిల్లాడు.
తన చెయ్యి తనే తెచ్చి పెట్టాడు.
"నొక్కకు," అన్నాను, "ఆగు."
ఆగాడు. కళ్ళు పెద్దవయ్యాయి.
"ఎవరది?" అన్నాడు.

నర్సు అకెయో తలుపు తట్టింది.
పద్దెనిమిదో నిమిషం.