పాయింట్ నాలుగు

పడమటి కాన్సస్‌లో, హైవే పక్క మోటెల్ మీటింగ్ గదిలో
మమ్మల్ని పదకొండు మందిని కూర్చోబెట్టారు.
కాఫీ చేదు. బయట గోధుమ చేల గాలి
కిటికీ రెక్కని వదలడం లేదు.

నగరం నుంచి వచ్చిన కుర్రాడు అన్నాడు:
"మూడొందల మంది పిల్లల బడి ఒకటి ఊహించుకోండి.
డబ్బు సంగతి మరిచిపోండి.
సరిపడా చదువుకి ఏమేం కావాలో చెప్పండి, చాలు."

డబ్బు సంగతి మరిచిపోవడం
మాలో ఒక్కరికీ చేతకాలేదు.
మార్లిస్ ఉన్రూ లైబ్రరీకి కొత్త పుస్తకాలు అడగబోయి
పాతవాటి అతుకులకి జిగురు అడిగింది.
బస్సు నడిపే డెల్బర్ట్ కోన్
ఆరు టైర్లని నోరు తెరిచి, నాలుగన్నాడు,
"సర్దుకుంటాంలే" అని తన ధర తనే దించుకున్నాడు,
అవతల బేరమాడేవాడు లేకుండానే.

గోడకంటించిన కాగితం మీద గడులు నిండుతున్నాయి.
టీచర్లు: పద్దెనిమిది. వంటవాళ్లు: ముగ్గురు.
నర్సు: సున్నా పాయింట్ నాలుగు.

ఆ నర్సుని నేనే.
ఇప్పటికే మూడు బళ్లకి ముక్కలైనదాన్ని.
పాయింట్ నాలుగంటే నాలో ఎక్కడివరకు?
స్టెతస్కోపు పెట్టుకునే చెవులా,
రోజుకి నలభై మైళ్లు కారు తొక్కే మోకాళ్లా?

ఆ బడికి నా రోజులు సోమ, గురువారాలు.
ఇట్సెల్‌కి ఊపిరాడనిది మంగళవారం.
మాంసం ఫ్యాక్టరీ షిఫ్టులో వాళ్లమ్మకి ఫోన్ అందలేదు.
ఇన్‌హేలర్ నా గది బీరువాలో,
తాళంచెవి నా జేబులో,
నేను ఇంకో ఊళ్లో.
ఆఫీసు సెక్రటరీ తాళం పగలగొట్టింది,
సుత్తి దొరక్క, బల్ల మీది ఇనుప స్టాప్లర్‌తో.
పిల్ల బతికింది.
కొత్త తాళానికి పన్నెండు డాలర్లు.
ఏ పద్దు కింద రాయాలో ఇంకా తేలలేదు.

లేచి వెళ్లాను. పాయింట్ నాలుగు కొట్టేసి
ఒకటి అని రాశాను.
"ఆధారం?" అడిగాడు కుర్రాడు, మర్యాదగానే.
ప్రతి అంకె పక్కనా దానికో గడి ఉంది మరి.
"మంగళవారం" అన్నాను.
కాసేపు నా వంక చూసి
అదే రాసుకున్నాడు.

సాయంత్రానికి తలకింత అని ఒక మొత్తం తేలింది.
రాజధానిలో ఎవరి కత్తెర ఎంత లోతుకి దిగుతుందో తెలీదు.
పార్కింగులో డెల్బర్ట్ నా వెనకే వచ్చి
టోపీ అంచు నలుపుతూ అడిగాడు:
"ఆ టైర్లు… ఇప్పుడు ఆరని మార్చుకోవచ్చంటావా?"