శేషం

నువాదిబు యార్డులో
రెండు కిలోమీటర్ల ఖనిజపు రైలు ఆగితే
ఆ కుదుపు చివరి వ్యాగన్ దాకా పాకేసరికి
చేతిలో టీ చల్లారిపోతుంది.

ఆ సందులోనే చూశాడు
తనిఖీ చేసే లెమ్రాబొత్,
ఎర్రధూళి కింద తెల్లరంగు అంకెలు:
73939133

నెలకి చివరి మూడు చెరిగింది.
ఇసుకగాలి ఎప్పుడూ ఆ మూల నుంచే;
అరబ్బీ చదివినట్టు
కుడి నుంచి ఎడమకి తింటుంది.

7393913

ఊరికే, పొద్దుపోక మొదలెట్టాడు.
తలగుడ్డ కొస ముక్కుకి చుట్టుకుని
పట్టాల పక్క ఇసుకలో వేలితో భాగహారం.
రాసి, కడిగి, మళ్ళీ రాసే చెక్కపలక మీద
అక్షరాలు దిద్దిన వేలే అది.
రెండుతో పోదు. మూడుతో పోదు.
ఏడుతో పోదు, పదమూడుతోనూ పోదు.
దాదాపు నాలుగొందల ప్రధాన సంఖ్యలు,
ఒక్కోదానికీ ఒక్కో సాయంత్రం చాలక
మధ్యలో గాలి లెక్క చెరిపేస్తే
గాలిని నాలుగు తిట్లు తిట్టి
మళ్ళీ మొదటికి.

అప్పులో శేషం ఉంచొద్దంటారు,
నిప్పులో శేషం ఉంచొద్దంటారు.
ఇక్కడేమో
శేషం మిగిలితేనే ప్రాణం ఉన్నట్టు.
ప్రతిసారీ మిగిలింది.

739391
73939

అంకె ఊడిందే గానీ
సంఖ్య విరగలేదు.
"పళ్ళు రాలిన ముసలమ్మ మాట
తప్పుపట్టి చూడు, వీలుకాదు. ఇదీ అంతే"
అన్నాడు నాతో. రిజిస్టరు రాసేవాణ్ణి,
నాకేం తెలుసు, తలూపాను.

7393
ఇరవై మూడు భాగహారాలు, ఒక్క రాత్రి.

739
తొమ్మిదే. మూడో గ్లాసు టీ
నురగ దిగకముందే అయిపోయింది.

అప్పుడొచ్చింది ఆఫీసు నుంచి కాగితం:
వ్యాగన్లన్నిటికీ పాత నంబర్లు పూర్తిగా వేయాలి,
చివర ఒక అంకె అదనంగా చేర్చాలి.

లెమ్రాబొత్ ఆ రాత్రి నిద్రపోలేదు.
సరి అంకె చేరిస్తే రెండు విరుస్తుంది,
అయిదుని అయిదే విరుస్తుంది,
ఒకటీ ఏడూ మూడుకి లొంగుతాయి.
ఇక మూడు, తొమ్మిది, మొండివి,
వాటికీ ఎక్కడో ఓ పెద్ద భాజకం
కాచుకునే ఉంటుందన్నాడు.
"ఇంతకు మించి పెరగదు ఇది.
తరగడమే తెలుసు దీనికి."

రంగుడబ్బాతో దెంబా వచ్చాడు.
పాత ఎనిమిదీ అచ్చుగుద్దినట్టు వేసి,
కాగితం చూసుకుని
చివర ఏడు వేశాడు.

739391337

అంకెలు కూడితే నలభై అయిదు.
తొమ్మిదో ఎక్కం వచ్చిన పిల్లాడైనా
దీన్ని రెండు ముక్కలు చేసేస్తాడు.

గొడవ పెట్టుకుంటాడేమో అనుకున్నా.
లెమ్రాబొత్ తడి రంగుకి ముఖం దగ్గరగా పెట్టి
వాసన చూశాడు.
తర్వాత గాలి వచ్చే మూలకి తిరిగి
తలగుడ్డ కాస్త సడలించి
"ముందు తినేది దాన్నే" అన్నాడు.
కెటిల్ కింద బొగ్గులు ఊదాడు.